నడుము విషయంలో ఓపిక, కాలి గాయం విషయంలో తొందర

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది కర్నూలు జిల్లాలో పత్తికొండ వైపు ఒక పల్లె. మా ఆయన వయసు 36 ఏళ్ళు. టమాటాలు మార్కెట్‌లో దింపి ఆటోలో తిరిగి వస్తుండగా లారీ గుద్దింది. 108లో కర్నూలుకు తెచ్చారు. పెల్విస్ ముందు భాగం 4 సెంటీమీటర్లు విడిపోయిందని, ఎడమవైపు వెనక కీలు కూడా కదిలిందని, కుడికాలి ఎముక చీలమండకు జానెడు పైన ముక్కలై చర్మం చీల్చుకొని బయటికి వచ్చిందని చెప్పారు. ఆ రాత్రి ఆపరేషన్ అన్నారు గానీ, తీరా చూస్తే నడుముకూ కాలికీ బయటినుంచి రాడ్లు బిగించి వదిలేశారు. పొట్టలోంచి మూత్రానికి గొట్టం పెట్టారు. ఐదు రోజులైంది, అసలు ఆపరేషన్ ఇంకా చేయలేదు. కాలికి ఫ్లాప్ వేయాలి అంటున్నారు, అదేమిటో అర్థం కాలేదు. మా మరిది బెంగళూరుకు తీసుకుపోదాం అంటాడు. మా అత్త కట్టు కట్టిద్దాం అంటుంది. పక్క మంచం వాళ్ళు కాలు తీసేయడమే మేలని అన్నారు. ఆయన మళ్ళీ నడుస్తారా? ఇంకొక మాట అడగడానికి సిగ్గుగా ఉంది. మా కాపురం సంగతి ఏమవుతుంది?
– ఒక సోదరి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే మీకు ఫోన్ చేసి ముఖ్యమైన నాలుగు మాటలు చెప్పాను. ఆనాటి ఆందోళనలో అన్నీ మీ మనసుకు ఎక్కి ఉండవనీ, ఇవే సందేహాలతో ఆసుపత్రి వరండాల్లో చాప పరచుకొని కూర్చునే కుటుంబాలు మన జిల్లాల్లో ఇంకా ఉంటాయనీ అనిపించి, మీ అనుమతితో పేర్లు తీసేసి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నేను మీ ఆయనను స్వయంగా పరీక్షించలేదు. మీరు పంపిన ఎక్స్‌రేల ఫోటోలు, కేసు షీటు మాత్రమే చూశాను. అందువల్ల నిర్ణయాలు అక్కడి వైద్యులవే. వాళ్ళు చేస్తున్నది ఎందుకు చేస్తున్నారో, వాళ్ళను మీరు ఏమి అడగాలో చెప్పడం వరకే నా పని.

ముందుగా మీ ఉత్తరంలోని ఒక మాటను సరిదిద్దాలి. రాడ్లు బిగించి వదిలేశారని రాశారు. ఆ రాత్రి చేసింది అసలు ఆపరేషన్ కాదని, అసలుది ఇంకా రావలసి ఉందని మీరు అనుకుంటున్నారు. నిజానికి మీ ఆయన ప్రాణం నిలిపింది ఆ రాత్రి చేసిన పనే.

పెల్విస్ అంటే నడుముకు దిగువన, రెండు తుంటి ఎముకలూ, వెనక వెన్నెముక దిగువన ఉండే త్రికాస్థి అనే ఎముకా కలిసి ఏర్పడే ఒక వలయం. చేతి గాజు ఎప్పుడూ ఒక్కచోటే విరగదు. ఒకచోట విరిగితే ఇంకోచోట కూడా విడిపోతుంది. ఈ వలయమూ అంతే. ముందు భాగం 2.5 సెంటీమీటర్లకు మించి విడిపోయిందంటే వెనక కీలును పట్టి ఉంచే గట్టి నరాల వంటి కట్లు, అంటే లిగమెంట్లు కూడా తెగి ఉంటాయని మేము అనుమానిస్తాము. మీ ఆయనకు 4 సెంటీమీటర్లు విడిపోయింది. ఈ వలయం లోపలి గోడను ఆనుకొని సిరల వల ఒకటి ఉంటుంది. పుస్తకం తెరుచుకున్నట్టు ఎముకలు విచ్చుకున్నప్పుడు ఆ సిరలు చిరిగి, విరిగిన ఎముక అంచులనుంచి కూడా కారి, రక్తం లోపలే చేరుతుంది. పెద్దవాడి ఒంట్లో ఉండేదే సుమారు 5 లీటర్ల రక్తం. అందులో సగానికి పైగా ఈ ఖాళీలో బయటికి కనిపించకుండా ఇంకిపోగలదు. తెరుచుకున్న పుస్తకాన్ని మళ్ళీ మూసి బిగిస్తే లోపలి ఖాళీ తగ్గి, గడ్డ కట్టిన రక్తమే సిరలకు అడ్డుకట్ట అవుతుంది. బయటి రాడ్లు, అంటే ఎక్స్‌టర్నల్ ఫిక్సేటర్, చేసిన పని అదే. 108 సిబ్బంది దారిలోనే తుంటి చుట్టూ పట్టీ బిగించారని మీరు ఫోన్‌లో చెప్పారు. వాళ్ళకు మీరు ఎప్పుడైనా కృతజ్ఞత చెప్పుకోవాలి. (ఇది చదివేవాళ్ళకు ఒక మాట: పట్టీ లేకపోతే దుప్పటిని మడిచి బిగించినా పనికి వస్తుంది. అయితే అది పొట్ట మీద కాదు, తొడలు మొదలయ్యే చోట పక్కలకు చేతికి తగిలే ఎముకల మట్టంలో ఉండాలి. మనవాళ్ళు కంగారులో దాన్ని నడుముకు కడతారు; అది ఏమీ పట్టి ఉంచదు.)

ఇక, ఆ రాత్రే లోపల ప్లేట్లు, స్క్రూలు కూడా వేసి ముగించవచ్చు కదా అని మీ మరిది అడిగాడని చెప్పారు. న్యాయమైన ప్రశ్న. 1980లలో మా వృత్తిలో కూడా అదే ధోరణి ఉండేది: ఎన్ని ఎముకలు విరిగినా తొలి 24 గంటల్లోనే అన్నీ బిగించెయ్యాలి అని. చాలామందికి అది మేలే చేసింది. కానీ మీ ఆయనలాగా రక్తం బాగా పోయి, ఒళ్ళు చల్లబడి వచ్చినవాళ్ళలో కొందరు ఎముకలన్నీ చక్కగా కుదిరాక మూడో రోజునో నాలుగో రోజునో ఊపిరితిత్తులు చెడిపోయి ఐ.సి.యు.లో చనిపోయేవారు. ప్రమాదం శరీరానికి మొదటి దెబ్బ. దానికి స్పందనగా ఒళ్ళంతా లోలోపల వాపుతో రగులుతూ ఉంటుంది. ఆ స్థితిలో గంటల తరబడి చేసే పెద్ద ఆపరేషన్ రెండో దెబ్బ అవుతుంది. ఈ సంగతి 1990లలో స్పష్టమై, 2000 నాటికి పద్ధతి మారింది. మొదటి రాత్రి రక్తం ఆపడం, గాయాలు కడగడం, ఎముకలను బయటి రాడ్లతో తాత్కాలికంగా నిలబెట్టడం వరకే చేస్తారు. రెండో రోజునుంచి నాలుగో రోజు వరకు పెద్ద ఆపరేషన్లకు వీలైనంత దూరంగా ఉంటారు. ఐదో రోజునుంచి పదో రోజు మధ్య శరీరం కుదుటపడినప్పుడు స్థిరమైన ఆపరేషన్ చేస్తారు. మన రైతులకు ఇది కొత్త సంగతి కాదు. వాన పడగానే గొర్రు కట్టరు. నేల పదునుకు వచ్చిందా లేదా అని పిడికిట మట్టి తీసి చూస్తారు. వైద్యులు కూడా రోజూ మీ ఆయన పదును చూస్తున్నారు: ఒంటికి రక్తం చాలనప్పుడు పెరిగే లాక్టేటు 2 దగ్గరికి దిగిందా, ప్లేట్‌లెట్లు లక్షకు పైగా ఉన్నాయా, ఆక్సిజన్ అవసరం తగ్గిందా, మూత్రం సరిగా వస్తోందా అని. కేసు షీటులో ఇవన్నీ ఇప్పుడు మంచి దిక్కులోనే ఉన్నాయి.

కాబట్టి నడుము విషయంలో ఐదు రోజుల నిరీక్షణ ఆలస్యం కాదు. అయితే దీనికీ గడువు ఉంది. బయటి రాడ్లు ముందు భాగాన్ని పట్టి ఉంచుతాయే గానీ వెనక కదిలిన కీలును గట్టిగా పట్టలేవు. రెండు మూడు వారాలు దాటితే అక్కడ మెత్తని కొత్త ఎముక, మచ్చ కణజాలం నిండిపోయి, ఎముకలను పూర్వపు స్థానానికి తేవడం బాగా కష్టమవుతుంది. మామూలుగా చేసేది ఇది: ముందు విడిపోయిన చోట పొట్ట దిగువన కోసి ప్లేటు వేస్తారు, వెనక కీలుకు మాత్రం ఎక్కువగా కోయకుండా, ఆపరేషన్ గదిలోనే ఎక్స్‌రే చూపించే సి–ఆర్మ్ యంత్రం సాయంతో, పిరుదు పక్కనుంచి 6.5 లేదా 7.3 మిల్లీమీటర్ల మందం ఉండే పొడుగాటి స్క్రూను తుంటి ఎముకలోంచి త్రికాస్థిలోకి పంపుతారు. ఆ స్క్రూ దారికి పైనా కిందా పాదాన్ని నడిపించే నరాలు ఉంటాయి. అందుకే ఆపరేషన్‌కు ముందూ తర్వాతా ఎడమ కాలి బొటనవేలును, పాదాన్ని పైకి ఎత్తమని అడుగుతూ ఉంటారు. అది ఆటగా అడగడం లేదని మీ ఆయనకు చెప్పండి.

మీ విషయంలో ఒక చిక్కు ఉంది, దాన్ని తప్పక అడగాలి. పొట్టలోంచి పెట్టిన మూత్రం గొట్టం, ముందు ప్లేటు వేయడానికి కోసే చోటుకు దగ్గరలో ఉంటుంది. మూత్రం గొట్టపు దారినుంచి సూక్ష్మజీవులు ప్లేటును చేరితే ఆ చీము వదిలించడం కష్టం. అందువల్ల ఎముకల వైద్యుడూ, మూత్ర సంబంధ వైద్యుడైన యూరాలజిస్టూ కూర్చొని, గొట్టాన్ని ఎక్కడినుంచి బయటికి తేవాలి, ముందు ప్లేటు వేయాలా లేక ముందువైపు బయటి రాడ్లనే కొన్ని వారాలు ఉంచి వెనక స్క్రూ మాత్రం వేయాలా అన్నది కలిసి తేల్చాలి. ఇద్దరూ వేర్వేరు వేళల్లో వచ్చి వేర్వేరు మాటలు చెప్పిపోవడం మన ఆసుపత్రుల్లో మామూలే. ఇద్దరినీ ఒకే రోజు ఒకే మంచం దగ్గర నిలబెట్టగలిగితే మీరు సగం వైద్యం చేసినట్టే.

ఇప్పుడు కాలి సంగతికి వస్తాను. ఇక్కడ నా సలహా దీనికి తలకిందులుగా ఉంటుంది.

ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటికి వచ్చిన విరుపులో అసలు శత్రువు విరుపు కాదు, చీము. మొదటి రాత్రి వాళ్ళు యాంటీబయాటిక్ వెంటనే మొదలుపెట్టి, టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చి, మట్టినీ చచ్చిన కండనూ తీసేసి, సెలైన్‌తో బాగా కడిగి, చీలమండకు అవతలా ఇవతలా రాడ్లు బిగించారు. రెండో రోజు మళ్ళీ థియేటరుకు తీసుకువెళ్ళి కడిగారని కేసు షీటులో ఉంది. ఇదంతా సరిగానే జరిగింది. కానీ గాయం 10 సెంటీమీటర్లకు మించి ఉంది, ఎముక కనిపిస్తోంది, కప్పడానికి పక్క చర్మం చాలడం లేదు. ఇలాంటి గాయాలకు 1976లో గస్టిలో, ఆండర్సన్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు మొదలుపెట్టిన వర్గీకరణలో మూడో రకం అని పేరు. బయటినుంచి కండ తెచ్చి కప్పవలసి వచ్చేవాటిని మూడు–బి అంటారు. ప్రపంచమంతా ఇదే లెక్క వాడుతుంది. మీ కేసు షీటులో ఆ గుర్తే ఉంది.

ఫ్లాప్ అంటే ఏమిటో చెబుతాను. మీ కాలు మీరే తడిమి చూసుకోండి. వెనక పిక్కలో కండ ఉంది. ముందువైపు, చీలమండకు పైన, చర్మం కింద నేరుగా ఎముకే తగులుతుంది. ఎముకకు రక్తం అందించేది చుట్టూ ఉండే కండ, లోపలి మూలగ. మీ ఆయనకు ఆ చోట ఉన్న కాస్త కప్పూ చిరిగిపోయింది. మోకాలికి దగ్గరైతే పిక్క కండను అలాగే తిప్పి ముందుకు తెచ్చి కప్పవచ్చు. కింది భాగానికి అది అందదు. అందువల్ల గాయం చిన్నదైతే పక్కనున్న చర్మాన్నే దాని రక్తనాళం తెగకుండా తిప్పుతారు. పెద్దదైతే తొడనుంచో మరోచోటనుంచో చర్మాన్ని, కండను రక్తనాళాలతో సహా తీసుకువచ్చి, మైక్రోస్కోప్ కింద వెంట్రుక కన్నా సన్నని దారంతో కాలి రక్తనాళాలకు కుట్టి అతుకుతారు. ఇది తొడనుంచి పలచగా చర్మం గీకి అతికించే మామూలు గ్రాఫ్ట్ కాదు. బోడి ఎముక మీద గ్రాఫ్ట్ నిలవదు. ఫ్లాప్ తన రక్తాన్ని తానే తెచ్చుకుంటుంది, కింద ఉన్న ఎముకకు కూడా ఆసరా అవుతుంది.

ఈ కప్పు పడే రోజుకు చాలా విలువ ఉంది. వీలైతే మూడు రోజుల్లో, ఎట్టి పరిస్థితిలోనూ ఒక వారంలో గాయాన్ని కప్పగలిగితే చీము పట్టే అవకాశం బాగా తగ్గుతుంది. వారం దాటిన ప్రతి రోజూ ఆ అవకాశం పెరుగుతూ పోతుంది. గాయం మీద స్పాంజి పెట్టి యంత్రంతో పీల్చే వాక్యూం డ్రెస్సింగ్ వేశారని ఫోన్‌లో చెప్పారు. అది మంచిదే, కానీ అది వంతెన మాత్రమే; వంతెన మీద ఇల్లు కట్టుకోకూడదు. మీకు ఐదు రోజులు గడిచిపోయాయి. కాబట్టి నడుము ఆపరేషన్ ఎప్పుడు అని రోజూ అడిగే బదులు, కాలికి ఫ్లాప్ ఎవరు వేస్తారు, ఏ రోజు వేస్తారు అని మర్యాదగానే గానీ గట్టిగా అడగండి.

చర్మం గురించి ఇంతగా చెప్పడానికి కారణం నా సొంత తప్పు. నేను కొత్తగా పనిలో చేరిన రోజుల్లో, అప్పుడు పనిచేసిన ఆసుపత్రిలో, చీలమండ పై ఎముక నుజ్జయిన ఒక మేస్త్రీకి ఆపరేషన్ చేశాను. ఆయనకు బయటికి గాయమే లేదు. కాలు మాత్రం నిగనిగలాడుతూ వాచి ఉంది, నీటి పొక్కులు లేచాయి. మూడో రోజు థియేటరు ఖాళీగా ఉంది, ఆయన కొడుకులు తొందరపెడుతున్నారు, ఎక్స్‌రేలో ముక్కలన్నీ ఎలా కలపాలో నాకు తెలుసుననే ధీమా ఉంది. ప్లేటు అద్దంలా కుదిరింది. పదో రోజుకు కుట్ల పక్కన చర్మం నల్లబడింది, మూడో వారానికి గాయంలోంచి ప్లేటు మెరుస్తూ కనిపించింది. ఆ ప్లేటు తీసేసి, చీముతో పోరాడి, ఆయన కర్ర లేకుండా నడిచేసరికి ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడైతే అలాంటి కాలికి మొదట బయటి రాడ్లు వేసి, సి.టి. స్కాన్ తీసి, కాలిని ఎత్తులో పెట్టి, వాపు తీసి చర్మం మీద ముడతలు తిరిగి కనిపించేదాకా, అది పది రోజులైనా రెండు వారాలైనా, కత్తి ముట్టుకోము. మీ ఆయన కాలిలో కూడా లోపలి ప్లేటో, ఎముక మూలగలోకి దింపే నెయిల్ అనే కడ్డీయో, ఫ్లాప్ వేసే రోజునే గానీ ఆ తర్వాత గానీ వేస్తారు. కప్పు లేకుండా లోహం ఒక్కటే వేసి వదిలేయడం మాత్రం ఉండకూడదు.

మరి బెంగళూరు? ఊరు పేరును బట్టి కాదు, ఉన్నచోట ఏముందన్న దాన్ని బట్టి తేల్చుకోవాలి. పెల్విస్ ఆపరేషన్లు తరచుగా చేసే సర్జన్, మైక్రోస్కోప్ కింద రక్తనాళాలు కుట్టగల ప్లాస్టిక్ సర్జన్, యూరాలజిస్టు, రక్తనిధి, మంచి ఐ.సి.యు. ఒకే కప్పు కింద ఉంటే కదిలించవలసిన పని లేదు. వీటిలో ప్లాస్టిక్ సర్జన్ లేకపోయినా, ఉండి కూడా ఈ రెండు రోజుల్లో చేయలేమన్నా, ఇక ఆలోచించకుండా మారండి. ప్లాస్టిక్ సర్జన్, ఎముకల సర్జన్ ఇద్దరూ ఒకేచోట ముందుగా ఒప్పుకున్న ఆసుపత్రికే వెళ్ళండి. కర్నూలునుంచి హైదరాబాదు బెంగళూరు కన్నా దగ్గర. వెళ్ళేది నర్సు లేదా డాక్టరు తోడున్న అంబులెన్సులోనే. రాడ్లు తీయకూడదు. స్కాన్ సి.డి., కేసు సారాంశం, ఎన్ని యూనిట్ల రక్తం ఎక్కించారో, ఏ యాంటీబయాటిక్ ఏ రోజునుంచి ఇస్తున్నారో రాసిన కాగితం వెంట ఉండాలి. ఫోన్‌లో మంచం ఖాళీ ఉందని చెప్పించుకోకుండా బయలుదేరిన కుటుంబాలు నాలుగు ఆసుపత్రుల గేట్ల దగ్గర తిరిగి రాత్రంతా పోగొట్టుకోవడం నేను చూశాను.

మీ అత్తగారి మాటను కొట్టిపారేయకండి, ఆమెకు నిదానంగా చెప్పండి. పుత్తూరు కట్టు పేరు మన సీమలో తెలియని ఇల్లు ఉండదు. చర్మం చెదరకుండా, ముక్కలు జరగకుండా ఉన్న చిన్న విరుపులు చాలావరకు కదలకుండా పట్టి ఉంచితే అతుక్కుంటాయి, కట్టు చేసేది కూడా ఆ పనే. కానీ వలయం విచ్చుకున్న నడుమును కట్టు మూయలేదు. తెరిచిన గాయం మీద పసరు, ఆకు, గుడ్డు సొన పడితే అవే చీముకు విత్తనాలు. వాచిన కాలికి బిగుతుగా కట్టు పడితే కండలోకి రక్తం ఆగిపోతుంది. ఆరు గంటలు దాటితే ఆ కండ మళ్ళీ బతకడం కష్టం. విరుపుకు తగ్గ నొప్పి కన్నా విపరీతంగా నొప్పి ఉంటే, వేళ్ళను మెల్లగా సాగదీసినా రోగి కేకలు పెడితే, ఆసుపత్రి కట్టయినా సరే, వెంటనే విప్పించి చూపించాలి.

కాలు తీసేయడమే మేలన్న పక్క మంచం వైద్యానికి నా దగ్గర జవాబు ఉంది. అది ఎవరో చూసి చెప్పేది కాదు, లెక్క వేసి చెప్పేది. కోయంబత్తూరులోని గంగా ఆసుపత్రి వైద్యులు మన దేశపు గాయాలను చూసే ఒక లెక్క తయారుచేశారు. చర్మానికి, ఎముకకు, కండకు వేర్వేరుగా మార్కులు వేసి, రోగి వయసు, షాక్ (రక్తం పోయి బీపీ పడిపోవడం) వంటివాటికి మరికొన్ని కలుపుతారు. మొత్తం 14 లోపు ఉంటే కాలు నిలపవచ్చని, 17 లేదా పైన ఉంటే తీసేయడమే మేలని, మధ్యలో ఉంటే అనుభవం మీద తేల్చాలని అందులో ఉంటుంది. మీ ఆయన పాదం వెచ్చగా ఉందని, నాడి తగులుతోందని ఫోన్‌లో చెప్పారు. అక్కడి సర్జన్‌ను ఆ స్కోరు ఎంత అని అడగండి. నేను చూసినంతలో ఈ కాలు నిలపదగ్గ కాలే. అయితే నిలపడానికి ఒకటికి నాలుగు ఆపరేషన్లు కావచ్చని ముందే మనసుకు చెప్పుకోండి.

ఈలోగా మీ చేతుల్లో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వాతమని మీ ఇంట్లో పథ్యం పెడుతున్నారని తెలిసి నాకు నిజంగా కోపం వచ్చింది. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి: కిలో బరువుకు రోజుకు ఒకటిన్నర గ్రాము దాకా. 60 కిలోల మనిషికి అది 90 గ్రాములు. మన పప్పు, గుడ్లు, పాలు, పెరుగు, వేరుశనగలు, చికెన్ అన్నీ పెట్టండి. రాగి సంగటి కూడా పెట్టండి, పథ్యం పేరుతో ఏదీ ఆపకండి. బీడీ మాత్రం ఈ రోజే ఆగిపోవాలి. పొగ సన్న రక్తనాళాలను ముడిచేస్తుంది. అతికిన ఫ్లాప్ చచ్చిపోవడానికి, ఎముక అతకకపోవడానికి అది పెద్ద కారణం. పక్కన కూర్చొని కాల్చేవాళ్ళను కూడా బయటికి పంపండి. రాడ్లు చర్మంలోకి దిగే చోట్లను నర్సు చూపిన విధంగా సెలైన్‌తో తుడవాలి; పసుపు, బూడిద, నూనె వద్దు. పిరుదుల కింద పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి ఒత్తిడి మార్చాలి. సిరల్లో రక్తం గడ్డ కట్టకుండా పొట్ట చర్మంలోకి ఇచ్చే ఇంజెక్షన్ రోజూ పడుతోందో లేదో చూడండి. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీ పట్టేసినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగకుండా నర్సును పిలవండి.

నడక గురించి. నడుము స్క్రూలు బాగా పడితే, ఎడమ కాలి మీద బరువు మోపడానికి సుమారు 8 నుంచి 12 వారాలు పడుతుంది. కుడి కాలి ఎముక అతకడానికి ఆరు నెలలనుంచి ఏడాది అనుకోండి, మధ్యలో తుంటినుంచి ఎముక తీసి నింపే ఆపరేషన్ పడవచ్చు. రెండు కాళ్ళకూ కట్టడి ఉంది కాబట్టి మొదటి మూడు నెలలు ఆయన మంచం నుంచి వీల్‌చైర్‌లోకి, వీల్‌చైర్ నుంచి మంచానికి మాత్రమే. ఇంట్లో గడప, మరుగుదొడ్డి మెట్టు ఇప్పుడే చూసుకోండి. ఒకవేళ ఎముకలో కొంత భాగం పోయి ఖాళీ మిగిలితే ఇలిజరోవ్ రింగులు ఉన్నాయి. సైబీరియాలోని కుర్గాన్ పట్టణంలో ఇలిజరోవ్ అనే వైద్యుడు 1950లలో కనిపెట్టిన ఆ పద్ధతిలో ఎముకను రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున, అదీ నాలుగు విడతలుగా, జరుపుతూ పెంచుతారు. కొత్త ఎముక సెంటీమీటరుకు నెలకు పైనే పడుతుంది. విసుగు పుట్టించే పద్ధతే గానీ దానితో నడిచి ఇంటికి పోయినవాళ్ళను చాలామందిని చూశాను. టైటానియమా, స్టీలా అని మీ మరిది అడిగాడు. సరిగా వేసినది ఏదైనా సరే, దాని కోసం అదనంగా అప్పు చేయకండి.

మీరు సిగ్గుపడి అడిగిన ప్రశ్నకు సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఇది మేము రోగితో మాట్లాడవలసిన విషయమే, చాలాసార్లు మేమే తప్పించుకుంటాము. పొట్టలోంచి గొట్టం పెట్టవలసి వచ్చింది మూత్రనాళానికి దెబ్బ తగలడం వల్లే. ఆ నాళం తెగినప్పుడు పక్కనే ఉండే సన్న నరాలకు, రక్తనాళాలకు కూడా దెబ్బ తగులుతుంది. అందువల్ల తొలి నెలల్లో పురుషత్వానికి ఇబ్బంది ఉండవచ్చు. చాలామందిలో ఏడాది, ఏడాదిన్నరలో ఎంతో కొంత తిరిగి వస్తుంది. రానివాళ్ళకు మాత్రలనుంచి మొదలుకొని వైద్యం ఉంది. పొట్ట గొట్టం శాశ్వతం కాదు. మూత్రనాళం పూర్తిగా తెగి ఉంటే సాధారణంగా మూడు నెలల తర్వాత, లోపలి గడ్డలన్నీ కరిగాక, దాన్ని అతుకుతారు. అప్పటిదాకా గొట్టం ఉంటుంది, వేళ ప్రకారం మారుస్తారు. ఎవరూ కింది దారినుంచి గొట్టాన్ని బలవంతంగా తోయకుండా చూడండి. ఈ సంగతులు మీ ఆయనతో యూరాలజిస్టు ఒంటరిగా మాట్లాడేటట్టు చూడమని అడగండి. మనసులో పెట్టుకొని కుమిలిపోయే మగవాళ్ళు మందులకు కూడా సరిగా లొంగరు.

డబ్బు విషయం క్లుప్తంగా. 2007 ఏప్రిల్‌లో అనంతపురంతో పాటు మరి రెండు జిల్లాల్లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకంలో ఇలాంటి బహుళ గాయాలు ఉన్నాయి; ఆసుపత్రిలో ఆ పథకం సహాయకుడు కూర్చునే మిత్ర బల్ల దగ్గర మీ కార్డు చూపించి, ఫ్లాప్, నడుము ఆపరేషన్ రెండింటికీ అనుమతి పెట్టించారో లేదో కనుక్కోండి. రోడ్డు ప్రమాద బాధితులకు కేంద్రం 2025 మేలో తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం ప్రమాదం జరిగిన రోజునుంచి 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా వర్తిస్తుంది. మీకు ఇంకా రెండు రోజులే ఉన్నాయి కాబట్టి అది ముందు అడగండి. ఎఫ్.ఐ.ఆర్. నకలు, ప్రతి బిల్లు, ప్రతి ఎక్స్‌రే దాచండి. లారీ బీమా మీద నష్టపరిహారం దావా ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయించండి.

రేపు ఉదయం రౌండ్స్‌కు వైద్యులు వచ్చినప్పుడు ఫ్లాప్ తేదీ, గంగా స్కోరు, మూత్రం గొట్టం స్థానం, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకొని అడగండి. జవాబులు అక్కడే రాసుకొని నాకు ఫోటో పంపండి. దానితో పాటు, మీ ఆయన ఎడమ బొటనవేలు పైకి ఎత్తగలుగుతున్నారో లేదో కూడా రాయండి.